‘ద వాల్’: రికార్డు కొనుక్కోండి, సినిమా అరువు తెచ్చుకోండి

ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి, అంటే 2013 అక్టోబరు 12న, మా వెనక గది రేకులు రెండు ఎగిరిపోయాయి. తెల్లారి చూస్తే బీరువా మీద పెట్టిన కేసెట్ల డబ్బా నిండా నీళ్ళు. అందులో మా ఆవిడవి భక్తిపాటలు ఒక ముప్పై. నాది ఒక్కటే. ఇంగ్లండు రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ ‘ద వాల్’, 1979 నాటి ఆల్బం. టేపు బయటికి లాగి, తుడిచి, పెన్సిల్‌తో తిప్పి, నానా తంటాలూ పడ్డాను. ఉప్పునీటి వాన కదా, దక్కలేదు.

అది కొన్న కేసెట్ కాదు. 1984లో నేను బరంపురం ఖల్లికోట కాలేజీలో బీఎస్సీ చదువుతున్నప్పుడు, ఓడల్లో పనిచేసే ఒక స్నేహితుడి అన్నయ్య సింగపూర్ నుంచి రికార్డు తెచ్చాడు. స్నేహితుడు స్పీకరు ముందు టేపురికార్డరు పెట్టి, తొంభై నిమిషాల కేసెట్ మీదకి ఎక్కించి ఇచ్చాడు. అలా ఎక్కించినప్పుడు పాటతోపాటు ఇంట్లో చప్పుళ్ళూ ఎక్కుతాయి. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఈ ఏడాది వైశాఖంలో భువనేశ్వర్ నుంచి మా మేనల్లుడు వచ్చాడు. వస్తూ ఒక రికార్డు ప్లేయరు తెచ్చాడు. “మావయ్యా, రిటైరయ్యాక నువ్వు అత్తతో గొడవపడటం తప్ప ఇంకేం చెయ్యట్లేదట కదా, ఇది పెట్టుకో” అన్నాడు. నాలుగు రోజుల తర్వాత ‘ద వాల్’ రికార్డులు కూడా ఆర్డరు పెట్టించాడు. 2016లో మళ్ళీ వేసిన ముద్రణ. రెండు ప్లేట్లు, ఒక్కోటి 180 గ్రాములు, నాలుగు వేల చిల్లర. ఈ ఆల్బం కథనే తీసిన సినిమా డీవీడీ వాడి స్నేహితుడిది, 1999లో వచ్చింది. దాన్ని నేను కొనలేదు, అరువు. కాబట్టి ఇది రెండిటికీ కలిపి రాస్తున్న సమీక్ష. నేను సంగీతం తెలిసినవాణ్ణి కాను. తెలుగు మీడియం బడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. ఇంగ్లీషు పాట మాటలు సగం ఇప్పటికీ కాగితం చూసుకుంటేనే అర్థమవుతాయి.

ముందు సరుకు సంగతి. పార్సెల్ తెచ్చినతను దాన్ని మా గేటు లోపల, పొద్దున పదింటికి, ఎండలో పెట్టి వెళ్ళిపోయాడు. మేం బడా బజారుకి వెళ్ళి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. మే నెలలో మా ఊళ్ళో మేడ మీద అప్పడాలు ఆరేస్తే గంటలో పెళపెళలాడతాయి. రెండో ప్లేటు కూడా అలాగే అంచున లేచి కూర్చుంది. సూది పెడితే పడవలా ఊగింది. అమ్మినవాళ్ళకి ఫోను చేస్తే ఫోటో పంపమన్నారు, పంపితే వీడియో పంపమన్నారు, అదీ పంపితే మాట లేదు. చివరికి రెండు దళసరి అద్దాల మధ్య పెట్టి, పైన పాత లెక్కల పుస్తకాలు పేర్చి, వారం రోజులు చల్లటి గదిలో ఉంచాం. పూర్తిగా కాకపోయినా దారికొచ్చింది. మీరు తెప్పించుకుంటే మాఘంలోనో కార్తీకంలోనో తెప్పించుకోండి. వేసవిలో వద్దు.

ముద్రణ మాత్రం బాగుంది. చిటపటలు లేవు. మొదటి పాట చివర విమానం కూలే చప్పుడు, వెంటనే పసిబిడ్డ ఏడుపు. ఆ రెండిటి మధ్య దూరం నా కేసెట్లో ఎప్పుడూ తెలియలేదు. ఇక్కడ విమానం ఈ గోడ నుంచి ఆ గోడకి వెళ్ళినట్టు వినిపించింది. మా ఆవిడ వంటింట్లోంచి బయటికొచ్చి ఆకాశం చూసింది.

రికార్డుకి నాలుగు వైపులు, ఒక్కో వైపు ఇరవై నిమిషాలు అటూ ఇటూ. దీన్ని లోపం అనుకోవద్దు. ఈ కథకి ఆ ఇరవై నిమిషాలే కొలత. పింక్ అనే పాటగాడు తండ్రి లేని బాధ, తల్లి అతి ప్రేమ, బడిలో దెబ్బలు, పెళ్ళాం దూరం కావడం, వీటన్నిటినీ ఒక్కో ఇటికగా పేర్చుకుని తన చుట్టూ గోడ కట్టుకుంటాడు. రెండో వైపు అయ్యేసరికి గోడ పూర్తవుతుంది. మూడో వైపు గోడ లోపలినుంచి పిలుపులు. నాలుగో వైపు పిచ్చి ముదిరి, విచారణ జరిగి, గోడ కూలుతుంది. ప్లేటు తిప్పడానికి మీరు లేచిన ప్రతిసారీ కథలో ఒక అంకం అయిపోయి ఉంటుంది. ఫోనులో వింటే ఈ లేవడం ఉండదు.

ఈ కొలత వల్లే ఒక పాట బలైంది. ‘వాట్ షల్ వుయ్ డూ నౌ’ అనే పాట రెండో వైపులో ఉండాల్సింది. చోటు చాలక తీసేసి, దాని బదులు ‘ఎంప్టీ స్పేసెస్’ అనే చిన్నది పెట్టారు. కానీ అప్పటికే కవర్లు అచ్చయిపోయాయి. అంచేత 1979 నాటి కవర్ల మీద పాట మాటలున్నాయి, ప్లేటులో పాట లేదు. ‘హే యూ’ అనే పాటదీ అదే గొడవ. మూడో వైపు కుదరలేదని నిర్మాత బాబ్ ఎజ్రిన్ చెబితే, బృందంలో ఈ కథ రాసిన రోజర్ వాటర్స్ ఆలోచించి ఆ పాటని తీసుకొచ్చి మూడో వైపు మొదట్లో పెట్టాడు. అచ్చయిన మాటలు మాత్రం పాత వరసలోనే ఉండిపోయాయి. పెళ్ళి శుభలేఖలు పంచేశాక ముహూర్తం మార్చినట్టు.

అచ్చుతప్పు కనబడితే ఎర్రపెన్ను తీసే బుద్ధి నాది. ఈ రెండు తప్పుల్నీ మాత్రం అలాగే వదిలేస్తాను. పని ఆఖరి నిమిషం వరకూ ఎంత తొందరగా నడిచిందో చెప్పే సాక్ష్యాలవి.

తొందరకి కారణం డబ్బు. పింక్ ఫ్లాయిడ్ వాళ్ళు తమ సొమ్ము చూసుకోమని నార్టన్ వార్‌బర్గ్ అనే సంస్థకి అప్పజెప్పారు. ఆ పెట్టుబడులు మునిగిపోయాయి. ఇంగ్లండులో అప్పట్లో పెద్ద ఆదాయాల మీద పన్ను నూటికి 83 దాకా ఉండేది. చేతిలో లేని డబ్బుకి పన్ను కట్టలేక ఒక ఏడాది దేశం విడిచి, ఫ్రాన్స్‌లోనూ లాస్ ఏంజెలెస్‌లోనూ రికార్డింగు పెట్టుకున్నారు. ఏడాది చివరికల్లా ఆల్బం ఇస్తే ఎక్కువ ఇస్తామని అమెరికా కంపెనీ ఆశ చూపింది. సరే, పని పెంచుదాం అనుకునేసరికి కీబోర్డు వాయించే రిక్ రైట్ గ్రీసులో సెలవులో ఉన్నాడు. పిలిస్తే రానన్నాడు. వాటర్స్ అతన్ని బృందం నుంచే తీసేశాడు. తర్వాత కచేరీలకి జీతానికి పెట్టుకున్నారు. మధ్యలో నిజంగా గోడ కట్టి కూల్చే ఆ కచేరీలు 31 జరిగాయి, అన్నిటికీ ఖర్చు తడిసి మోపెడైంది. సొంతదారులు ముగ్గురికీ నష్టం. లాభం వచ్చింది జీతగాడు రైట్ ఒక్కడికే. కామందులు పస్తుంటే పాలేరు పప్పన్నం తిన్నాడు.

ఇప్పుడు నా వృత్తికి తగిలే పాట. ‘అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్’ రెండో భాగం. పిల్లలు గుంపుగా, మాకు చదువు అక్కర్లేదు, మాస్టారూ మమ్మల్ని వదిలెయ్యండి అని పాడేది. నేను సర్వీసులో చేరిన కొత్తలో ఈ కేసెట్ ఇంట్లో తలుపులు వేసుకుని వినేవాణ్ణి. పక్కింట్లోనే హెడ్మాస్టరు గారు.

మొదట ఆ పాట ఒక చరణం, ఒక పల్లవి, అంతే. డిస్కో దరువు పెడదామన్నది ఎజ్రిన్. ఇది సింగిల్‌గా, అంటే విడిపాట రికార్డుగా, బయటికి వెళ్తే కొట్టేస్తుందని అతను పట్టుబట్టాడు. మేం సింగిల్స్ చెయ్యం అని వీళ్ళు. వీళ్ళు లేనప్పుడు ఎజ్రిన్ ఆ టేపునే ఇంకో ప్రతి తీసి, అతికించి, పాటని రెండింతలు చేశాడు. రెండో చరణంలో ఎవరు పాడాలి? పిల్లలు. బృందం అమెరికాలో ఉంది కాబట్టి, లండన్‌లో వాళ్ళ సొంత స్టూడియోలో ఉన్న ఇంజినీరు నిక్ గ్రిఫిత్స్‌కి కబురు వెళ్ళింది. ఇద్దరు ముగ్గురు పిల్లలు చాలన్నారు. గ్రిఫిత్స్ నడిచివెళ్ళే దూరంలో ఉన్న ఇస్లింగ్టన్ గ్రీన్ స్కూలుకి వెళ్ళి సంగీతం మాస్టారు అలన్ రెన్‌షాని కలిశాడు. మాస్టారు ఇరవైముగ్గురిని వెంటబెట్టుకొచ్చారు. వాళ్ళ చేత పాడించినదాన్నే పన్నెండు సార్లు ఒకదాని మీద ఒకటి వేశారు. అందుకే బడి మొత్తం అరిచినట్టుంటుంది.

ఆ మాటలేమిటో హెడ్మిస్ట్రెస్‌కి తర్వాత తెలిసింది. పిల్లలు టీవీలో కనబడటానికి వీల్లేదంది. బడికి వెయ్యి పౌండ్లు ముట్టాయి, పిల్లల చేతికి డబ్బేమీ రాలేదు. పాట 1979 క్రిస్మస్‌కి ఇంగ్లండులో నంబర్ వన్, తర్వాత అమెరికాలోనూ నంబర్ వన్. 1980లో దక్షిణాఫ్రికాలో, తెల్లపిల్లలకో చదువు మాకో చదువా అని బడులు బహిష్కరించిన విద్యార్థులు దీన్ని పాడుకున్నారు. అక్కడి ప్రభుత్వం పాటని నిషేధించింది. పాతికేళ్ళ తర్వాత, 2004లో, ఆ పాత పిల్లల్లో కొందరు 1996 నాటి కొత్త కాపీరైటు చట్టం పట్టుకుని తమ వాటా అడిగారు. అప్పటికి వాళ్ళందరూ నలభైకి దగ్గరపడ్డవాళ్ళు.

ఈ కథలో నాకు నచ్చింది రెన్‌షా మాస్టారు. బడి దాటించి పిల్లల్ని తీసుకెళ్ళాలంటే మా దగ్గర ఎన్ని సంతకాలు కావాలో నాకు తెలుసు. తారాతారిణి కొండకి పిక్నిక్ తీసుకెళ్ళడానికి ఒకసారి మూడు వారాలు తిరిగాను. ఆయన పైవాళ్ళని అడగకుండా, మాస్టర్లని తిట్టే పాట పాడించడానికి పిల్లల్ని పట్టుకెళ్ళాడు. మాస్టారు లేకపోతే మాస్టార్లని తిట్టే పాటే లేదు. ఇది నాకు భలే నచ్చింది.

ఇంకో చిన్న విషయం, మృదంగం నేర్చుకున్నవాళ్ళకి. ‘మదర్’ పాటలో నాలుగు అక్షరాల నడక మధ్యలో ఐదు వచ్చి కాలు అడ్డం పెడుతుంది. డ్రమ్ములు వాయించే నిక్ మేసన్‌కి అది పట్టుబడలేదు. జెఫ్ పొర్కారో అనే అమెరికా ఆయన వాయించాడు. ఖండచాపు తెలిసిన పిల్లాడు మా వీధిలోనే ఒకడున్నాడు, వినిపిస్తే ఒక్కసారికే తొడ మీద తాళం వేశాడు. వాడు మేసన్ కంటే గొప్పవాడని కాదు, నేర్చుకున్న దారి వేరు.

మేనల్లుడికి ఇంకో సరదా. ‘ఎంప్టీ స్పేసెస్’లో తిరగేసి వింటే వినబడే మాట ఒకటి దాచారని వాడు ఎక్కడో చదివాడు. మోటారు ఆపి, ప్లేటుని చేత్తో వెనక్కి తిప్పాడు. సూదికి మంచిది కాదని నేను మొత్తుకుంటూనే చెవి పెట్టాను. రహస్య సందేశం కనిపెట్టినందుకు అభినందనలు, మీ జవాబు ఫలానా పిచ్చాసుపత్రికి పంపండి, అన్న అర్థం వచ్చే మాటలే నిజంగా ఉన్నాయి. వాడు చప్పట్లు కొట్టాడు. నలభై ఏళ్ళ క్రితం నా కేసెట్లో ఇది కుదిరే పనేనా?

సరే, సినిమా.

1982లో వచ్చింది, 95 నిమిషాలు, దర్శకుడు అలన్ పార్కర్. మొదట అనుకున్నది వేరు. కచేరీల్ని చిత్రీకరించి, బొమ్మలు కలిపి, హీరోగా వాటర్సే ఉండాలని. 1981 జూన్‌లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ కచేరీల్లో తీసిన ఫిల్ము పనికిరాలేదు. అప్పటివరకు నిర్మాతగా ఉంటానన్న పార్కర్ దర్శకుడయ్యాడు. వాటర్స్‌ని పక్కకి తప్పించి ఐర్లండు పాటగాడు బాబ్ గెల్డాఫ్‌ని తీసుకున్నారు. షూటింగు జరుగుతుండగా పార్కర్ ఒత్తిడి మీద వాటర్స్ ఆరు వారాలు సెలవు మీద వెళ్ళాల్సి వచ్చింది. తన సొంత కథని ఇంకొకడు తీస్తుంటే తను ఊళ్ళో ఉండకూడదు. పెళ్ళి మా ఇంట్లోనే గానీ మమ్మల్ని బంతిలోకి పిలవలేదు అన్నట్టుంది.

గెల్డాఫ్ కథ ఇంకా బాగుంటుంది. అతనికి పింక్ ఫ్లాయిడ్ అంటే పడదు. టాక్సీలో తన మేనేజరుతో ఆ స్క్రిప్టుని చెడతిడుతూ వెళ్ళాడట. టాక్సీ నడుపుతున్నది వాటర్స్ అన్నయ్య. ఇది వాటర్స్ స్వయంగా చెప్పిన కథ. చెప్పేవాడు కథలల్లడంలో దిట్ట కాబట్టి మీ ఇష్టం. హోటలు గది ధ్వంసం చేసే సీనులో కిటికీ తెర లాగేటప్పుడు గెల్డాఫ్ చెయ్యి నిజంగానే తెగింది. కెమెరా ఆపలేదు. ఇక ఈతకొలను సీను. అతనికి ఈత రాదు, నీళ్ళ మీద తేలడానికి సూపర్‌గర్ల్ కోసం చేసిన శరీరం అచ్చులో పడుకోబెట్టారని అందరూ ఎంతో ధీమాగా చెప్పుకుంటారు. సూపర్‌గర్ల్ సినిమా వచ్చింది 1984లో, ఇది తీసింది 1981లో. లెక్కల మాస్టారి ముందు ఈ తీసివేత నిలబడదు.

డీవీడీలో సినిమా కంటే నాకు ఎక్కువ నచ్చింది వాటర్సూ, బొమ్మలు గీసిన జెరాల్డ్ స్కార్ఫూ పక్కపక్కన కూర్చుని మాట్లాడిన వ్యాఖ్యానం. మొదట మామూలుగా ఒకసారి చూడండి. రెండోసారి ఆ మాటలు పెట్టుకుని చూడండి. సినిమాలోంచి తీసేసిన ‘హే యూ’ సీను కూడా విడిగా ఉంది. నా ఉద్దేశంలో ఆల్బంలో అన్నిటికంటే గుండెకి దగ్గరైన పాట అది. దాన్ని తీసేసి, అరుపులూ రక్తమూ అంతసేపు ఎందుకుంచారో నాకు మింగుడుపడలేదు.

స్కార్ఫ్ బొమ్మల జోలికి వెళ్తే మాత్రం నోరు మూసుకోవాలి. తెల్లపావురం ఎగురుతూ ఎగురుతూ చీలిపోయి, అందులోంచి నల్లగద్ద పుట్టుకొస్తుంది. విమానాలు శిలువలవుతాయి. దేశం జెండా రక్తమై కారి, మురుగు కాలవలో కలుస్తుంది. రికార్డులో చోటు లేక పోయిన ‘వాట్ షల్ వుయ్ డూ నౌ’ ఇక్కడ రెండు పువ్వుల బొమ్మతో తిరిగి వచ్చింది. ఆ పువ్వులు ముద్దులాడుకుని, పోట్లాడుకుని, చివరికి ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది. మేనల్లుడు లేచి మంచినీళ్ళు తెచ్చుకోడానికి వెళ్ళాడు. అత్త పక్కనే ఉంది మరి.

బడి సీనులో పిల్లలందరికీ ఒకేలాంటి ముసుగులు వేసి, వరసగా నడిపించి, కైమా మిషనులోకి పడేస్తారు. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. మొక్కున్నవాళ్ళు రోజుల తరబడి వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. పులి, దేవత, పోలీసు, ఎవరు ఎవరో తెలియదు. అక్కడ ముసుగు వేసుకుంటే మనిషికి ఇంకో మొహం వస్తుంది. ఇక్కడ వేసుకుంటే ఉన్న మొహమే పోతుంది.

దీనికి కొంచెం ముందు ఒక మాస్టారు ఒక పిల్లాడి నోటుబుక్కు లాక్కుని, వాడు రాసుకున్న కవిత క్లాసుకి చదివి వినిపించి, వెక్కిరించి, స్కేలుతో కొడతాడు. ఆ కవిత ఎక్కడిదంటే, పింక్ ఫ్లాయిడ్ వాళ్ళదే, 1973 నాటి ‘మనీ’ పాట మాటలు. తెలిసినవాళ్ళు నవ్వుకోవాలని పెట్టారు. నేను నవ్వలేదు. 1996లో, తొమ్మిదో తరగతిలో, ఒక కుర్రాడి లెక్కల పుస్తకం చివరి పేజీలో ఉన్న నాలుగు పంక్తుల్ని నేనూ గట్టిగా చదివి వినిపించాను. మేఘాల మీద రాసుకున్నాడు. క్లాసంతా విరగబడి నవ్వింది. నేను కూడా. స్కేలు వాడలేదు, ఆ మాత్రమే తేడా.

సినిమాలో నన్ను పట్టి కూర్చోబెట్టింది ఇంకో సీను. రికార్డులో లేని, సినిమా కోసమే వచ్చిన ‘వెన్ ద టైగర్స్ బ్రోక్ ఫ్రీ’ అనే పాట దగ్గరది. వాటర్స్ తండ్రి ఎరిక్ ఫ్లెచర్ వాటర్స్ 1944 ఫిబ్రవరిలో ఇటలీలో ఆంజియో దగ్గర యుద్ధంలో చనిపోయాడు. కొడుక్కి అప్పుడు అయిదు నెలలు. సినిమాలో చిన్నప్పటి పింక్ పాత సొరుగు తెరిచి, రాజుగారి పేరుతో వచ్చిన సంతాప పత్రం చూస్తాడు. తండ్రి యూనిఫారం వేసుకుని అద్దం ముందు నిలబడతాడు. చొక్కా మోకాళ్ళ దాకా ఉంటుంది.

మా తాత రంగం వెళ్ళాడు. మా గంజాం జిల్లా వాళ్ళకీ శ్రీకాకుళం వాళ్ళకీ రంగం అంటే చెప్పక్కర్లేదు, రంగూన్. రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. 1941 డిసెంబరులో జపాను వాళ్ళు అక్కడ బాంబులు వేశారు. నడిచి వచ్చేసినవాళ్ళు వచ్చారు, తాత రాలేదు. ఏ రాజుగారూ కాగితం పంపలేదు. కూలివాడికి ఎవరు పంపుతారు? అంతకు ముందెప్పుడో తాత పంపిన బర్మా గొడుగు ఒకటి ఇంట్లో ఉండేది, మైనం పూత పూసిన ఎర్ర గొడుగు. మా నాన్నకి ఆరేళ్ళు. ఎవరూ చూడనప్పుడు దాన్ని ఇంట్లోనే విప్పి కింద కూర్చునేవాడట. ఇంట్లో గొడుగు విప్పితే అరిష్టమని మా నానమ్మ వీపు చీరేసేదట. ఇంకా రావాల్సిన అరిష్టం ఏముందో, అని నాన్న ముసలితనంలో కూడా అంటూ నవ్వేవాడు.

ఆ ఒక్క సీనుకి ఈ సినిమా వందసార్లు చూడొచ్చు. మిగతాది ఒక్కసారి చాలు. చివరి అరగంట, పింక్ తనని నియంతగా ఊహించుకునేది, నాకు బరువైంది. నిజం స్కిన్‌హెడ్లనే, అంటే గుండు గీయించుకుని మూకలుగా తిరిగే కుర్రాళ్ళనే తెచ్చి, సుత్తుల గుర్తు చొక్కాల మీద వేసి, సభలో నిలబెట్టారు. ఆ గుర్తుని తర్వాత అమెరికాలో అసలైన నాజీ మూకలే తమ గుర్తుగా పెట్టుకున్నాయి. వెక్కిరించడానికి గీసిన బొమ్మని వాళ్ళు మెచ్చి ఎత్తుకుపోయారు. అక్కడ గెల్డాఫే సొంత గొంతుతో ‘ఇన్ ద ఫ్లెష్’ పాడాడు, బాగా పాడాడు. కానీ రికార్డులో అదే పాట వింటే నా ఎదురుగా ఉండే జనం నా జనం. మా ఊరి మీటింగుల్లో మైకు పట్టుకున్న మొహాలే కనబడతాయి. సినిమాలో ఆ చోటు వాళ్ళు ముందే నింపేశారు. బుర్రకథ చెప్పేవాడు యుద్ధం చెప్తే మన కంటికి కనబడే సైన్యం వేరు, తెర మీద చూపించే నలభైమంది వేరు. నేను రికార్డుకి నాలుగు వేలు పెట్టమని, సినిమా అరువు తెచ్చుకోమని అనడానికి కారణం ఇదే.

కొనేవాళ్ళకి రెండు మాటలు. సూట్‌కేసులా మడిచే, లోపలే స్పీకర్లుండే చవక ప్లేయర్ల మీద ఈ రికార్డు వెయ్యకండి. మా మేనల్లుడు మొదట అదే తెచ్చాడు. గిటారు బాగానే వచ్చింది గానీ కింది స్వరాలు నేలలో కలిసిపోయాయి. తర్వాత విడి స్పీకర్లు తగిలించాం. రెండోది, నాలుగో వైపు అయిపోగానే సూది ఎత్తెయ్యకండి. చివర ఒక గొంతు మెల్లగా సగం వాక్యం అంటుంది. మిగతా సగం మొదటి ప్లేటు మొదట్లో ఉంటుంది. రెండూ కలిపితే, మనం లోపలికి వచ్చింది ఇక్కడినుంచే కదూ, అన్న ప్రశ్న. నాకు నలభై ఏళ్ళు తెలియదు. మా వాడు టేపు నొక్కడం ఆలస్యం చేసి మొదటి సగం సెకను తినేశాడు.

అదే కేసెట్లో ఇంకోటి ఉండేది. మొదటి ప్లేటు రెండు వైపులూ కలిపి ముప్పైతొమ్మిది నిమిషాలు, టేపు ఒక పక్క నలభైఅయిదు. రెండో వైపు చివర పింక్ లోకానికి సెలవు చెప్పి, ఆఖరి ఇటిక పెట్టేస్తాడు. తర్వాత ఆరు నిమిషాల ఖాళీ. మా వాడు ఆపడం మరిచిపోయాడు. కాసేపు ఏమీ ఉండదు. రిక్షా బెల్లు. తర్వాత వాళ్ళమ్మ గారు, దూరంగా వంటింట్లోంచి, “ఒరే, అన్నం చల్లారిపోతోందిరా, ఆ కుర్రాణ్ణి కూడా రమ్మను.” ఆ కుర్రాణ్ణి నేనే. ఆ రోజు వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళయింది.

కొత్త ప్లేటులో రెండో వైపు అయ్యాక గీత అంచున సూది తిరుగుతూ ఉంటుంది, టిక్కు టిక్కుమని. మా ఆవిడ, “అయిపోయింది కదండీ, తిప్పరేం?” అంటుంది. తిప్పుతాను, కొంచెం ఆగి.